అడవి రిసార్ట్‌లో నాలుగు రోజులు: కుటుంబమంతా కదిలే సెలవుకు సమగ్ర మార్గదర్శి

అడవి రిసార్ట్‌కు కుటుంబంతో వెళ్లినవారిలో చాలామంది రెండో రోజు సాయంత్రానికి ఒకరి మీద ఒకరు విసుక్కోవడం మొదలుపెడతారు. గది బాగానే ఉంటుంది, వాతావరణమూ అనుకూలిస్తుంది. అయినా పొద్దున సైకిళ్లు, ఆ వెంటనే తాళ్ల బాట (చెట్ల మధ్య ఎత్తున కట్టిన తాళ్లూ చెక్కల మీదుగా దాటుకుంటూ పోయే ఆట), మధ్యాహ్నం ఈత, సాయంత్రం పడవ అంటూ డబ్బు కట్టిన ప్రతిదాన్నీ పూర్తి చేసి తీరాలన్న పట్టుదల ఆ సెలవును ఉద్యోగం కంటే బరువుగా మారుస్తుంది. అందుకే ఇటువంటి సెలవుకు ప్రణాళిక వేసేటప్పుడు ఆటల జాబితాను కాసేపు పక్కన పెట్టి, ఇంట్లో అందరికంటే ముందు అలిసిపోయే మనిషి ఓపికను కొలబద్దగా తీసుకోవాలన్నది నా అభిప్రాయం. దిగువ చెప్పిన ప్రతి అంచె ఆ లెక్క మీదే నడుస్తుంది.

ఈ తరహా సెలవుకు అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న చరిత్ర ఉంది. నెదర్లాండ్స్‌లో క్రీడాసామగ్రి వ్యాపారం చేసిన పీట్ డెర్క్‌సెన్ 1968లో లిమ్‌బర్గ్ ప్రాంతంలోని రూవర్ దగ్గర అడవిలో చిన్న చిన్న ఇళ్ల సముదాయం ఒకటి తెరిచాడు. తరవాతి కాలంలో సెంటర్ పార్క్స్ అన్న పేరుతో విస్తరించిన సంస్థకు అదే మొదలు. 1980లో అదే సంస్థ డె ఏమ్‌హోఫ్ అనే చోట పైకప్పు కింద ఏడాది పొడవునా వెచ్చగా ఉండే ఈతకొలనును జోడించింది. 1987లో ఇంగ్లండ్‌లోని షేర్‌వుడ్ అడవికి వచ్చింది. కార్లు బయటే ఆగిపోవాలి, లోపల కాలినడకన గానీ సైకిల్ మీద గానీ తిరగాలి, వాన పడ్డా ఆడుకోవడానికి ఒక నీడ ఉండాలి అన్న మూడు సూత్రాలు వాటిలో కనిపిస్తాయి. ఏ దేశంలోనైనా, ఏ రిసార్ట్‌నైనా ఎంచుకునే ముందు ఈ మూడింటితో కొలిచి చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

మొదటి అంచె: ఎవరి ఓపిక ఎంతో లెక్క తీయడం

బుకింగ్ సంగతి తలపెట్టకముందే ఒక కాగితం మీద, వచ్చే ప్రతి ఒక్కరి పేరు పక్కన నాలుగు విషయాలు రాయండి: ఆగకుండా ఎంతసేపు నడవగలరు, ఈత ఎంతవరకు వచ్చు, సైకిల్ ఎంత నమ్మకంగా తొక్కగలరు, దేనికి భయపడతారు. ఈత వచ్చు అన్న మాటకు ఒక్కొక్కరికి ఒక్కో అర్థం ఉంటుంది కనుక, లోతు నీళ్లలో ఒక నిమిషం తేలుతూ నిలబడి, ఆపైన సుమారు 25 మీటర్లు ఆగకుండా ఈది, సాయం లేకుండా గట్టెక్కగలిగితేనే వచ్చునని రాయండి. సైకిల్‌కు కూడా ఇటువంటి పరీక్షే పెట్టవచ్చు: తిన్నగా పోతూనే భుజం మీదుగా వెనక్కి చూడగలగాలి, రెండు బ్రేకులూ కలిపి పట్టి ఒక గీత దగ్గర ఆపగలగాలి. ఖాళీ స్థలంలో గుండ్రంగా తిరగడం వచ్చినంత మాత్రాన దిగుడు ఉన్న అడవి బాటలో తొక్కడం వచ్చినట్టు కాదు.

పిల్లల ఎత్తు, బరువు కూడా అదే కాగితం మీదికి ఎక్కాలి. తాళ్ల బాటకూ, ఏటవాలు తీగకు వేలాడుతూ జారే జిప్‌లైన్‌కూ చాలాచోట్ల వయసు కంటే ఎత్తూ బరువూ ముఖ్యం, ఎందుకంటే పై తీగ చేతికి అందాలి, పడిపోకుండా ఒంటికి కట్టే పట్టీల జోడు, అంటే హార్నెస్, నడుముకు సరిగ్గా పట్టాలి, జిప్‌లైన్ మీద మరీ తక్కువ బరువున్నవారు మధ్యలోనే ఆగిపోయే అవకాశం ఉంది. నెలల తరబడి ఊరించిన ఆట దగ్గరికి తీసుకువెళ్లి, కొలత బద్ద పక్కన రెండు సెంటీమీటర్లు తక్కువయ్యావని చెప్పడం కంటే ఆ సంగతి ఇంట్లోనే తేల్చుకోవడం మేలు.

పెద్దవాళ్ల విషయంలో ఒక మాట. మోకాళ్లు నొప్పులున్నవారు ఎక్కుడుకు భయపడతారు గానీ, నిజానికి చాలామందిని దిగుడు ఎక్కువ బాధపెడుతుంది. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ శరీరపు బరువును మోకాలు ఆపవలసి వస్తుంది. కనుక వారితో వెళ్లే దారికి తిరుగు ప్రయాణం ఎలా ఉంటుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

రెండో అంచె: చోటును ఎంచుకోవడం

ప్రకటనల్లో కనిపించే ఫొటోల కన్నా రిసార్ట్ పటం ఎక్కువ నిజం చెబుతుంది. పటం తెప్పించుకుని, మీకు ఇవ్వబోయే ఇంటి నుంచి ఈతకొలనుకు, భోజనశాలకు, ఆటలు మొదలయ్యే చోటుకు ఎంత దూరమో కొలవండి. పెద్దవాళ్లు పది నిమిషాల్లో నడిచే దూరానికి నాలుగేళ్ల పిల్లవాడికి ఇరవై నిమిషాలు పడుతుంది. రోజుకు నాలుగైదు సార్లు అటూ ఇటూ తిరిగితే ఏ ఆటా ఆడకుండానే వాడి ఓపిక ఆ దారిలోనే ఖర్చైపోతుంది. మధ్యలో గుట్ట ఉందా అన్నది మరీ ముఖ్యం. పటంలో అది కనబడదు కాబట్టి ఫోన్ చేసి అడగాలి.

అదే ఫోన్‌లో అడగవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. పిల్లల కొలతకు సరిపోయే సైకిళ్లు, హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా, లేక పెద్దవాళ్లవే బిగించి ఇస్తారా? కొలను దగ్గర రక్షకుడు ఏ గంట నుంచి ఏ గంట వరకు ఉంటాడు? వాన వస్తే ఏయే ఆటలు ఆపేస్తారు, అప్పుడు డబ్బు తిరిగి ఇస్తారా, వేరే వేళకు మారుస్తారా? దగ్గరి ఆసుపత్రికి రాత్రిపూట ఎంతసేపు పడుతుంది? ఇంట్లోనూ కాలిబాటల మీదా ఫోన్ సిగ్నల్ ఉంటుందా? ఈ ప్రశ్నలకు సమాధానాలు తడుముకోకుండా వచ్చాయా, లేక వచ్చాక చూద్దాంలెండి అన్నారా అన్నదాన్ని బట్టే ఆ చోటు నిర్వహణ ఏపాటిదో అర్థమవుతుంది.

అడవి రిసార్ట్‌లన్నీ ఒక కోవకు చెందినవి కావు. కొన్ని పెంచిన చెట్ల మధ్య, కంచె లోపల ఉంటాయి. అక్కడ పిల్లలు కొంత స్వేచ్ఛగా తిరగవచ్చు. మరికొన్ని పెద్ద జంతువులు తిరిగే అడవి అంచున ఉంటాయి. అక్కడ మార్గదర్శకుడు లేకుండా నడవడం, చీకటి పడ్డాక గది దాటడం నిషేధం కావచ్చు. రెండూ మంచివే గానీ, రోజంతా పరుగులు తీయాలనుకునే పిల్లలున్న కుటుంబానికి మొదటి కోవ నప్పుతుంది. చోటు ఎంచుకున్నాక ఈ తేడా తెలిస్తే సెలవంతా వరండాలోనే గడుస్తుంది.

మూడో అంచె: రోజుల పట్టిక వేయడం

సెలవు బాగుపడేదీ పాడయ్యేదీ ఎక్కువగా ఈ పట్టిక దగ్గరే. అలవాటు లేని శ్రమ చేసినప్పుడు వచ్చే ఒళ్లు నొప్పులు ఆ రోజు పెద్దగా తెలియవు. 12 నుంచి 24 గంటల తరవాత మొదలై, రెండో మూడో రోజున బాగా బాధపెడతాయి. ముఖ్యంగా దిగుడు దారిలో నడిచాక పిక్కలూ తొడలూ మరునాటికి బిగుసుకుపోతాయి. కాబట్టి మొదటి రోజు ఉత్సాహంలో పెద్ద నడకకు వెళ్తే, మూడో రోజుకు పెట్టుకున్న తాళ్ల బాటను పెద్దవాళ్లు మూలుగుతూ ఎక్కవలసి వస్తుంది. పిల్లలు మాత్రం మరునాటికి మామూలైపోతారు, అదే ఇబ్బంది.

నాలుగు రోజుల సెలవుకు నేను అనుసరించే క్రమం ఇది. చేరిన రోజు ఏదీ బుక్ చేయకూడదు. పరిసరాలు చుట్టి రావడం, వేళ ఉంటే ఒక గంట నీళ్లు, అంతే. రెండో రోజు పొద్దున, అందరి ఒంట్లోనూ బలం నిండుగా ఉన్నప్పుడు, ఎత్తుకు సంబంధించినదో, ఎక్కువ ధైర్యం అడిగేదో పెట్టాలి. ఎందుకంటే భయపెట్టే ఆటను చివరి రోజు వరకు వాయిదా వేస్తే భయపడేవారికి సెలవంతా అదే బెంగ. మూడో రోజు పొద్దున సైకిల్ మీద దూరం పోవచ్చు, మధ్యాహ్నం నీళ్లలో గడపవచ్చు. నొప్పులున్న కండరాలకు గోరువెచ్చని నీటిలో మెల్లగా కదలడం హాయిగా ఉంటుంది. నాలుగో రోజు పొద్దున చిన్న నడక, ఆ తరవాత సామాన్లు సర్దుకోవడం.

పూటకు ఒక్క ఆట అన్న నియమం పెట్టుకుని, రోజుకు ఒక పూటను ఖాళీగా వదలండి. ఆ ఖాళీ పూట మీద అందరికీ అనుమానమే. ఇంత ఖర్చు పెట్టి వచ్చి ఊరికే కూర్చోవడమా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కానీ పిల్లలు పుల్లలతో గుడిసె కట్టేదీ, చీమల బారు వెంట అరగంట పాకేదీ ఆ పూటలోనే. పైగా పొద్దున వాన వల్ల ఆగిపోయిన ఆటను మార్చుకోవడానికి చోటంటూ ఉండేది కూడా అక్కడే. జపాన్ అటవీ సంస్థ 1982లో షిన్‌రిన్-యోకు, అంటే అటవీ స్నానం అన్న మాటను ప్రచారంలోకి తెచ్చినప్పుడు అది ఉద్దేశించిన పని కూడా ఇంతే: చెట్ల మధ్య తొందర లేకుండా గడపడం.

కుటుంబ విహారమంటే అన్ని వేళలా అందరూ కలిసే ఉండాలన్న పట్టింపు కూడా వదులుకోవాలి. పదమూడేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల తమ్ముడు ఒకే ఆటలో సంతోషించడం అరుదు. రోజుకు ఒకసారి రెండు జట్లుగా విడిపోయి, భోజనం వేళకు కలుసుకుంటే చెప్పుకోవడానికి కబుర్లుంటాయి. జట్లు మారుస్తూ ఉండండి. ఎప్పుడూ ఒకే మనిషి చిన్నవాళ్లతో ఉండిపోతే ఆ మనిషికి అది సెలవు కాదు.

బుకింగ్ వరస కూడా దీని ప్రకారమే సాగాలి. తక్కువమందికే వీలుండే ఎత్తు ఆటలను, శిక్షకుడు కావలసిన వాటిని ముందుగా, ఇంటి నుంచే ఖరారు చేయండి. సైకిళ్లను కూడా సెలవు మొత్తానికి ముందే చెప్పిపెట్టుకోవడం మంచిది, లేకపోతే పిల్లల కొలతవి దొరకవు. మిగతావి అక్కడికి వెళ్లాక, అందరి ముఖాలూ చూసి నిర్ణయించుకోవచ్చు.

నాలుగో అంచె: నెల ముందు నుంచి తయారీ

అయిదు నుంచి పదిహేడేళ్ల మధ్య వయసువారికి రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. ఆ అలవాటు లేని ఇంట్లో ఒక్కసారిగా రోజుకు అయిదారు గంటల శ్రమ పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. నాలుగు వారాల ముందు నుంచి వారానికి మూడు సార్లు అందరూ కలిసి నడవండి; మొదట అరగంట, చివరి వారానికి గంటన్నర. వీలైతే మెట్లో, గుట్టో ఉన్న దారిని ఎంచుకోండి. అడవిలో వేసుకోబోయే బూట్లతోనే నడవాలి. కొత్త బూట్లను సెలవు రోజున మొదటిసారి తొడిగితే మొదటి మైలులోనే మడమ మీద బొబ్బ లేస్తుంది.

సామాన్ల గురించి పెద్ద జాబితా ఇవ్వను, అది ఎవరికి వారికి తెలిసిందే. మరచిపోయే వాటినే చెబుతాను: తడిసినా త్వరగా ఆరే బట్టలు, మనిషికి రోజుకు రెండు జతల మేజోళ్లు, ప్రతి పిల్లవాడికీ ఒక ఈల, ఎరుపు వెలుతురు ఇచ్చే టార్చి, సన్న మొనల పట్టకారు, తడి బూట్లలో కుక్కడానికి పాత వార్తాపత్రికలు. పిల్లల వీపు సంచి బరువు వాళ్ల బరువులో పదో వంతు దాటకుండా చూస్తే చాలు. ఆ సంచిలో నీళ్లు, ఈల, పలచని వాన కోటు, వాళ్లకిష్టమైన తినుబండారం ఉంటే చాలు.

అయిదో అంచె: చేరిన మొదటి రెండు గంటలు

తాళం చేతికి రాగానే సామాన్లు గదిలో పడేసి అందరూ కలిసి ఒక చుట్టు నడిచి రండి. ఈ నడకకు మూడు పనులున్నాయి. ఎవరైనా తప్పిపోతే కలుసుకునే చోటును ఎంచుకోవాలి. అది పిల్లల కంటికి ఆనే పెద్ద గుర్తు అయి ఉండాలి. నీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, చిన్న కుంటతో సహా, పెద్దవాళ్లు చూసుకోవాలి. గది నుంచి కేంద్రానికి దారిని పిల్లల చేతనే చెప్పించాలి. తిరిగి వచ్చేటప్పుడు వాళ్లు ముందు నడవాలి.

దారి తప్పితే ఏం చేయాలో కూడా అప్పుడే నేర్పండి. 1981లో అమెరికాలో మొదలైన ఒక శిక్షణ కార్యక్రమం పిల్లలకు చెప్పే మాట ఎంతో సులువైనది: దారి తెలియలేదని అనిపించిన మరుక్షణం దగ్గరున్న చెట్టును పట్టుకుని అక్కడే ఉండిపో. కదిలే పిల్లవాడిని వెతకడం కంటే కదలని పిల్లవాడిని వెతకడం ఎన్నో రెట్లు తేలిక. దానికి ఈలను జోడించండి. పర్వతారోహకుల అంతర్జాతీయ సంకేతం ప్రకారం ఒక నిమిషంలో ఆరు సార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయాలి. విన్నవారు నిమిషానికి మూడు సార్లు బదులిస్తారు. చిన్నపిల్లలకు ఈ లెక్క గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఆగి ఆగి ఊదుతూ ఉండమంటే చాలు. సరదాకు ఊదకూడదన్న నియమం మాత్రం గట్టిగా చెప్పాలి. మొదటి గంటలోనే అది పదిసార్లు ఉల్లంఘనకు గురవుతుందనుకోండి.

ఆరో అంచె: ఆటలు

సైకిల్ అద్దెకు తీసుకున్నప్పుడు ఇచ్చింది ఇచ్చినట్టు ఎక్కి వెళ్లిపోవడం మామూలు పొరపాటు. అయిదు నిమిషాలు పక్కన నిలబెట్టి చూడండి. టైరును బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. బ్రేకు పిడి పూర్తిగా హ్యాండిల్‌కు ఆనకముందే చక్రం ఆగాలి. గొలుసు తుప్పు లేకుండా, చప్పుడు చేయకుండా తిరగాలి. తరవాత సీటు: పెద్దవాళ్లయితే సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు దాదాపు తిన్నగా రావాలి. అప్పుడు మామూలుగా ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఒకసారి ఈ సంగతి పట్టించుకోక, సీటు బాగా కిందికి ఉన్న సైకిల్‌ను రెండు గంటలు తొక్కి, మిగతా సెలవంతా మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకోవలసి వచ్చింది నాకు. కొత్తగా నేర్చిన పిల్లలకు మాత్రం సీటు ఇంకాస్త దించి, రెండు పాదాలూ నేలకు ఆనేలా పెట్టాలి.

హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ల వెడల్పులో, నుదుటి మీద అడ్డంగా కూర్చోవాలి. వెనక్కి వాలిన హెల్మెట్ పడినప్పుడు నుదుటిని కాపాడదు. పట్టీలు చెవి కింద కలిసి, గడ్డం కింద ఒక వేలు దూరేంత బిగువుగా ఉండాలి. గులకరాళ్ల దిగుడులో ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టవద్దని, రెండింటినీ మెల్లగా నొక్కాలని బయలుదేరేముందే చెప్పండి. వరసలో ముందు ఒక పెద్దవారు, చివర ఒక పెద్దవారు, మధ్యలో పిల్లలు. ఏడాది నిండని పసివాళ్లను సైకిల్ వెనక సీటులో గానీ, సైకిల్‌కు వెనక తగిలించే తోకబండిలో గానీ ఎక్కించకూడదు.

నడకకు దారి ఎంచుకునేటప్పుడు 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 3 మైళ్లకు ఒక గంట, ప్రతి 2000 అడుగుల ఎక్కుడుకు మరో గంట. ఇది ఒంట్లో సత్తువ ఉన్న పెద్దవాళ్ల లెక్క. చిన్నపిల్లలతో అయితే ఆ వచ్చినదాన్ని రెట్టింపు చేయండి, ఆకులూ పురుగులూ చూడటానికి ఆగే సమయం అందులోనే కలుస్తుంది. తిరిగి రావడానికి సగం బలం మిగలాలన్నది మరువకూడదు. గంట నడిచి అలిసిపోయిన పిల్లవాడు ఇంకో గంట దూరంలో ఉన్నాడని అర్థం. చుట్టు తిరిగి వచ్చే దారి కంటే, ఎక్కడినుంచైనా వెనక్కి మళ్లగలిగే దారి చిన్నపిల్లలున్నవారికి నయం.

తాళ్ల బాట దగ్గర శిక్షకుడు చెప్పేదాన్ని పిల్లలు వింటున్నారా లేదా అన్నది పెద్దవాళ్లు గమనించాలి. హార్నెస్ తొడ పట్టీల కింద అరచేయి దూరాలి గానీ పిడికిలి తిరగకూడదు. జేబుల్లో ఏమీ ఉండకూడదు. పొడుగు జుట్టును ముడివేయాలి. కొన్నిచోట్ల కొక్కెం మొదటినుంచి చివరి వరకు తీగ మీద జారుతూ పోతుంది, విప్పే పని ఉండదు. మరికొన్నిచోట్ల రెండు కొక్కేలను ఒకదాని తరవాత ఒకటిగా మార్చుకుంటూ పోవాలి. పిల్లలకు మొదటిదే సురక్షితం. రెండో పద్ధతిలో ఏ క్షణాన చూసినా కనీసం ఒక కొక్కెం తీగకు ఉండి తీరాలి.

ఎనిమిదేళ్ల పాప మూడో వేదిక మీద చెట్టును వాటేసుకుని కదలనంటుంది. వెనక ఇద్దరు ఎదురుచూస్తుంటారు. కింద నుంచి ఏం కాదులే, ఇంత దూరం వచ్చావుగా, కిందికి చూడకు అని నలుగురూ నాలుగు మాటలు అరుస్తుంటారు. ఆ పాపకు ఇవేవీ చెవికెక్కవు. కిందికి చూడకు అనగానే ముందు చూసేది కిందికే. అప్పుడు ఒక్కరే మాట్లాడాలి, మెల్లగా, ఒక్కో కదలికనూ విడిగా: కుడి చేత్తో తాడు పట్టుకో. బాగుంది. ఇప్పుడు ఎడమ కాలు ఆ చెక్క మీద పెట్టు. ఒక్కసారి హార్నెస్‌లో కూర్చుని చూడు, నిన్ను మోస్తోందిగా. హార్నెస్ తన బరువును మోస్తోందని ఒంటికి తెలిశాక చాలామంది పిల్లలు ముందుకు సాగుతారు. రెండు ప్రయత్నాల తరవాత కూడా రానంటే శిక్షకుణ్ణి పిలిచి దించేయండి, దిగాక దాని గురించి హాస్యాలాడవద్దు. బతిమాలి ఎక్కించిన పిల్లల కంటే గౌరవంగా దించిన పిల్లలే మరునాడు తామంతట తామే వెళ్దామంటారు.

నీళ్ల దగ్గర సరదా మాటలకు చోటు లేదు. మునిగిపోయేవారు సాధారణంగా కేకలు వేయరు, చేతులు ఊపరు. నోరు నీటి మట్టానికి వచ్చి పోతూ ఉంటుంది, చప్పుడు లేకుండా నిమిషంలోపే అయిపోతుంది. అందుకే ఈత రాని పిల్లలు చేయి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. ఎవరు చూస్తున్నారో పేరుపెట్టి చెప్పుకోండి: ఈ ఇరవై నిమిషాలూ నేను, తరవాత నువ్వు. చూసేవారి చేతిలో ఫోన్ ఉండకూడదు. గాలి ఊదిన చక్రాలూ చేతి పట్టీలూ ఆటవస్తువులే గాని రక్షణ సాధనాలు కావు. పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ మీది అంకె చూడండి, అది నీటిలో తేల్చే బలాన్ని న్యూటన్లలో చెబుతుంది: 50 న్యూటన్లు అని ఉన్నది ఈత వచ్చినవారికి, 100 అని ఉన్నది ప్రశాంతమైన నీటిలో ఈత అంతగా రానివారికి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా జారి వస్తే అది పెద్దది. చిన్నపిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండి తీరాలి.

ఒక సాయంత్రం, అనుమతి ఉన్న చోట, చీకటి నడక పెట్టుకోండి. దీనికి బుకింగ్ అక్కరలేదు, పరికరాలూ అక్కరలేదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తెల్లని టార్చి ఒక్కసారి వెలిగిస్తే ఆ అలవాటు చెదిరిపోతుంది. చీకట్లో చూపునిచ్చే కణాలు ఎరుపును అంతగా పట్టవు కనుక ఎర్ర వెలుతురు పనికొస్తుంది. పొద్దుగూకే వేళకు బయలుదేరి, తెలిసిన దారిలోనే కొద్ది దూరం పోయి, అందరూ నేల మీద కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడకుండా వినాలి. విన్న చప్పుళ్లను పిల్లల చేత వేళ్ల మీద లెక్కపెట్టించండి. నా అనుభవంలో నాలుగు రోజుల్లో పిల్లలు ఎక్కువ కాలం చెప్పుకునేది దీన్నే, జిప్‌లైన్‌ను కాదు.

ఏడో అంచె: చిన్న ఆపదలు

బొబ్బ లేవకముందే చర్మం ఎర్రబడి చురుక్కుమంటుంది. ఆ క్షణానే ఆగి, మేజోడు తీసి, ఆరబెట్టి, ప్లాస్టర్ అంటించాలి. శిబిరం చేరాక చూద్దామనుకుంటే మరుసటి రోజు నడక లేనట్టే. చీలమండ బెణికితే నడక ఆపి, కాలు ఎత్తి పెట్టి, గుడ్డలో చుట్టిన చల్లని దానితో 15, 20 నిమిషాలు కాపడం పెట్టాలి. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

పురుగులు కుట్టకుండా ఒంటికి పూసుకునే మందులో డీఈఈటీ అనే రసాయనం ఉంటే పిల్లలకు 10 నుంచి 30 శాతం మధ్య ఉన్నది వాడవచ్చని, రెండు నెలలు నిండని శిశువులకు పూయకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచన. ఎండ క్రీము ముందు, ఆరిన తరవాత ఈ మందు. చిన్నపిల్లల అరచేతులకు మాత్రం వద్దు, అవి తిన్నగా నోట్లోకి వెళ్తాయి. జలగ పట్టుకుంటే ఉప్పు చల్లడం, నిప్పు అంటించడం చేయకుండా, సన్నగా ఉన్న కొస దగ్గర గోటిని చర్మానికి ఆనించి పక్కకు తోస్తే పట్టు వదులుతుంది. పిడుదుకు మాత్రం పట్టకారు కావాలి: చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలితిప్పకుండా, తిన్నగా పైకి నిదానంగా లాగాలి. రోజూ స్నానం వేళ చెవుల వెనక, చంకల్లో, మోకాలి మడతల్లో, జుట్టు మొదట్లో వెతకాలి. ఎందుకంటే లైమ్ వ్యాధిని (పిడుదు కాటుతో సోకే ఒక జబ్బు) మోసే పిడుదులు సాధారణంగా ఒక రోజుకు పైగా అంటిపెట్టుకుని ఉంటే గాని జబ్బును ఎక్కించవు.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించే వరకు సెకన్లు లెక్కపెట్టండి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. నీళ్లలోంచీ తాళ్ల బాట మీంచీ వెంటనే దిగి గట్టి భవనంలోకో, మూసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తరవాత 30 నిమిషాలు బయటికి రాకూడదు. ఒంటరిగా నిలిచిన ఎత్తయిన చెట్టు కింద వానకు తలదాచుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

ఎనిమిదో అంచె: తిరుగు ప్రయాణం

చివరి పూట కొత్త ఆట ఏదీ మొదలుపెట్టవద్దు. సైకిళ్లను రద్దీ మొదలవకముందే అప్పగించి, తడి బూట్లలో కాగితం కుక్కి, తడి బట్టలను విడిగా కట్టండి. ఇల్లు చేరిన రాత్రి సంచులనూ బట్టలనూ బయటే దులిపి, ఒళ్లంతా మరోసారి పిడుదుల కోసం చూసుకోండి. కొన్ని వారాల లోపు ఎవరికైనా జ్వరం వచ్చినా, ఒంటి మీద వలయంలా పెరిగే ఎర్ర మచ్చ కనిపించినా, ఫలానా తేదీల్లో అడవిలో తిరిగామని వైద్యుడికి ముందుగా చెప్పండి. ఆయన అడిగే వరకు ఆగవద్దు.